ఫొటోషాప్, గింప్ ప్లగిన్లు: ఎందుకు పనిచేయవు, మనమే ఎలా రాసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లైన ఫొటోషాప్, గింప్ వాడేవాళ్లకు ప్లగిన్ల (వాటికి కొత్త పనులు జోడించే చిన్న ప్రోగ్రాముల) గురించి వచ్చే అనుమానాలు ఏళ్లుగా దాదాపు ఇవే. కొందరికి ఉన్న ప్లగిన్ పనిచేస్తే చాలు. కొందరు సొంతంగా ఒకటి రాసుకోవాలనుకుంటారు. ఎవరైనా ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఆ ప్లగిన్ అసలు సాఫ్ట్‌వేర్‌తో ఏ ఇంటర్‌ఫేస్ ద్వారా మాట్లాడుతోంది? అది తెలిస్తే ప్లగిన్ ఎక్కడ నడుస్తుందో, ఎన్నాళ్లు నడుస్తుందో చాలావరకు చెప్పేయొచ్చు.

ఫిల్టర్, ప్యానెల్, స్క్రిప్ట్, యాక్షన్... అన్నిటినీ ప్లగిన్ అనే అంటున్నారు. అన్నీ ఒకటేనా?

కాదు. ఏది ఏదో తెలియకపోవడం వల్లే సగం గందరగోళం.

ఫొటోషాప్‌లో పాత కాలం నుంచీ ఉన్నవి 8బీఎఫ్ ఫైళ్లు. సీ++లో రాసి కంపైల్ చేసిన (కంప్యూటర్ నేరుగా నడిపే రూపంలోకి మార్చిన) ఫిల్టర్లు ఇవి. పిక్సెళ్లను నేరుగా తీసుకుని, మార్చి, తిరిగి ఇచ్చేస్తాయి. రెండో రకం సీఈపీ ప్యానెళ్లు. లోపల ఒక చిన్న క్రోమియం బ్రౌజర్ నడుస్తుంటుంది, జెడ్‌ఎక్స్‌పీ ఫైలుగా వస్తాయి. మూడోది యూఎక్స్‌పీ, సీసీఎక్స్ ఫైలుగా వస్తుంది. కొత్తగా రాసే ప్యానెళ్లకు అడోబీ చూపిస్తున్న దారి ఇదే. నాలుగోది జేఎస్‌ఎక్స్ స్క్రిప్టు, అంటే మామూలు టెక్స్ట్ ఫైలు. యాక్షన్ ప్లగిన్ కాదు. మీరు చేసిన పనుల రికార్డింగ్ మాత్రమే.

గింప్‌లో విషయం ఇంకోలా ఉంటుంది. అక్కడ ప్లగిన్ అంటే విడిగా నడిచే ఒక ప్రోగ్రామ్. సీలో రాయొచ్చు, పైతాన్‌లో రాయొచ్చు, స్కీమ్ భాషలో స్క్రిప్ట్-ఫుగా రాయొచ్చు.

ఫొటోషాప్ కొత్త వెర్షన్ వేశాను. ప్లగిన్లన్నీ మాయమయ్యాయి. డబ్బు పెట్టి కొన్నవి!

కంగారు పడకండి, అవి ఎక్కడికీ పోలేదు. ఫొటోషాప్ ప్రతి ఏటి వెర్షన్ తన సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది, ప్లగ్-ఇన్స్ ఫోల్డర్ కూడా దేనిది దానికే. పాత వెర్షన్ ఫోల్డర్‌లో ఉన్న ప్లగిన్ కొత్తదానికి కనబడదు. ప్లగిన్ ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి కొత్త వెర్షన్‌ను ఎంచుకోవడం మంచి పద్ధతి. విండోస్‌లో కామన్ ఫైల్స్ కింద అడోబీ ఫోల్డర్‌లో, ప్లగ్-ఇన్స్ లోపల సీసీ అనే ఉమ్మడి ఫోల్డర్ ఒకటి ఉంటుంది. 8బీఎఫ్ ఫిల్టర్లను అక్కడ పెడితే సీసీ (క్రియేటివ్ క్లౌడ్) వెర్షన్లన్నీ చదువుకుంటాయి. పాత వెర్షన్‌ను తీసేసే ముందే లైసెన్సు కీలు, ప్రీసెట్లు దాచుకోండి. చాలామంది ఈ పని తీసేశాక గుర్తు చేసుకుంటారు.

నా దగ్గర 2000ల నాటి ఫిల్టర్లు సీడీ నిండా ఉన్నాయి. ఇప్పటి ఫొటోషాప్‌లో నడుస్తాయా?

32 బిట్‌వి అయితే నడవవు. 8బీఎఫ్ ఫిల్టర్ ఫొటోషాప్ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) లోపలికే లోడ్ అవుతుంది కాబట్టి రెండింటి బిట్లూ కలవాలి. విండోస్‌లో 64 బిట్ ఫొటోషాప్ 2008లో సీఎస్4తో వచ్చింది. మ్యాక్‌లో 2010లో సీఎస్5తో వచ్చింది. చాలాకాలం విండోస్‌లో రెండు రకాలూ పక్కపక్కనే ఉండేవి, అందుకే పాత ఫిల్టర్ల కోసం 32 బిట్ ఐకాన్ నొక్కేవాళ్లు. 2018లో వచ్చిన సీసీ 2019 నుంచి విండోస్‌లో 64 బిట్ ఒక్కటే మిగిలింది. ఆ రోజుతో ఆ సీడీలోని 32 బిట్ ఫిల్టర్ల కథ ముగిసింది.

ఇంటర్నెట్‌లో దొరికే 'కన్వర్టర్ల' జోలికి పోకండి. 32 బిట్ ఫైలును 64 బిట్‌గా మార్చే మంత్రం లేదు. తయారీదారు మళ్లీ కంపైల్ చేసి ఇవ్వాల్సిందే. కొన్నిటికి అలా కొత్త జన్మ దొరికింది కూడా. ఉదాహరణకు నిక్ కలెక్షన్. 2012లో గూగుల్ చేతికి వెళ్లి, 2016లో ఉచితమై, 2017లో డీఎక్స్‌ఓ కొనుక్కున్నాక మళ్లీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి.

ఫిల్టర్ మెనూలో కనబడుతోంది, కానీ బూడిద రంగులో ఉంది. నొక్కితే పలకదు.

ముందు ఇమేజ్ మెనూలో మోడ్ చూడండి. పాత ఫిల్టర్లలో చాలావాటికి 8 బిట్ ఆర్‌జీబీ తప్ప ఇంకోటి తెలియదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ కోసం సీఎంవైకే చేసిన ఫైలో, కెమెరా రా నుంచి 16 బిట్‌గా తెరిచిన ఫొటోనో ఇస్తే ఆ ఫిల్టర్ మౌనంగా ఉండిపోతుంది. ఏయే మోడ్‌లలో పనిచేస్తుందో ఫిల్టర్ తన లోపలే పీఐపీఎల్ అనే రిసోర్సులో రాసుకుంటుంది. ఫొటోషాప్ దాన్ని చదివే మెనూలో వెలిగించాలో ఆర్పాలో నిర్ణయిస్తుంది. లేయర్ ఖాళీగా ఉన్నా, కంటి గుర్తు తీసేసి ఉన్నా, టెక్స్ట్ లేయర్ మీద ఉన్నా ఫిల్టర్ నేరుగా పనిచేయదు. ఇవేవీ కాకపోతే అప్పుడు ప్లగిన్‌ను అనుమానించండి.

ఏ ప్లగిన్ వల్ల ఫొటోషాప్ పడిపోతోందో తెలుసుకోవడం ఎలా?

ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. బయటి ప్లగిన్లు లోడ్ చేయకుండా వదిలేయమంటారా అని అడుగుతుంది. అవునంటే అవి లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు గొడవ పోయిందంటే దొంగ ప్లగిన్లలోనే ఉన్నాడు. సగం ప్లగిన్లను వేరే ఫోల్డర్‌కి మార్చి చూడండి, తర్వాత అందులో సగం. ఒక్కొక్కటిగా తీసి చూడడం కన్నా ఇది చాలా త్వరగా తేలుతుంది.

మ్యాక్ మార్చాను. ఎం చిప్ మీద పాత ప్లగిన్ కనబడట్లేదు.

ఆపిల్ సిలికాన్ (ఎం చిప్‌ల) మీద నేరుగా నడిచే ఫొటోషాప్ 2021 మార్చిలో వచ్చింది. దాని లోపలికి ఇంటెల్ కోసం కంపైల్ చేసిన ఫిల్టర్ ఎక్కదు. ఫొటోషాప్ యాప్ మీద గెట్ ఇన్ఫో తెరిచి, రోజెటాతో తెరువు అనే టిక్ పెడితే ఇంటెల్ ప్లగిన్లు నడుస్తాయి. ఇంటెల్ ప్రోగ్రాములను ఎం చిప్ మీద నడిపించే ఆపిల్ అనువాదకమే రోజెటా. వేగం మాత్రం కాస్త తగ్గుతుంది. ఇది తాత్కాలిక ఏర్పాటే. పూర్తిస్థాయి రోజెటా మ్యాక్‌ఓఎస్ 27 వరకే అని ఆపిల్ 2025లో చెప్పేసింది. ఆ ప్లగిన్ మీదే మీ సంపాదన ఆధారపడి ఉంటే, తయారీదారు దగ్గర కొత్త వెర్షన్ ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి.

ఆల్బమ్ డిజైన్ ప్యానెల్ కొన్నాను. 'సీఈపీ' అని రాసి ఉంది. కొనడం తప్పా?

తప్పేమీ కాదు, కానీ వయసు మీద పడిన టెక్నాలజీ అని తెలిసి కొనాలి. ఫొటోషాప్ ప్యానెళ్లు ఇప్పటికే ఒకసారి ఇల్లు మారాయి. సీఎస్ రోజుల్లో ఫ్లాష్ ప్యానెళ్లు ఉండేవి, 2014 వెర్షన్ వాటిని తీసేసింది. వాటి స్థానంలో హెచ్‌టీఎంఎల్‌తో కట్టే సీఈపీ నిలబడింది. 2020 అక్టోబర్‌లో ఫొటోషాప్ 2021 వచ్చినప్పుడు యూఎక్స్‌పీ ప్లగిన్లు మొదలయ్యాయి. అప్పటి నుంచి సీఈపీ ప్యానెళ్లు విండో మెనూలో ఎక్స్‌టెన్షన్స్ దగ్గర 'లెగసీ' అనే ముద్రతో కూర్చున్నాయి. యూఎక్స్‌పీవి ప్లగిన్స్ అనే సొంత మెనూలో ఉంటాయి. ఏది ఎక్కడ కనబడుతోందో చూస్తే చాలు, ఏ రకమో తెలిసిపోతుంది.

సీఈపీలో ఇంకో చిక్కు ఉంది. జెడ్‌ఎక్స్‌పీ ఫైలుకు డిజిటల్ సంతకం తప్పనిసరి. సంతకం చేసేటప్పుడు టైమ్‌స్టాంప్ వేయకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజున ప్యానెల్ లోడ్ కావడం మానేస్తుంది. మీరేమీ ముట్టుకోకుండానే ఒక ఉదయం ప్యానెల్ పోయిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు. దాన్ని బాగుచేయాల్సింది అమ్మినవాళ్లే.

8బీఎఫ్ ఫిల్టర్లను ఫొటోషాప్ లేకుండా వాడుకోవచ్చా?

కొంతవరకు. అఫినిటీ ఫొటో 8బీఎఫ్‌లను తీసుకుంటుంది, అయితే అన్నీ సజావుగా నడుస్తాయని నమ్మకం పెట్టుకోవద్దు. పెయింట్ డాట్ నెట్‌కి పీఎస్‌ఫిల్టర్‌పీడీఎన్ అనే మధ్యవర్తి ప్లగిన్ ఉంది. గింప్‌కి టోర్ లిల్‌క్విస్ట్ రాసిన పీఎస్‌పీఐ ఉండేది. ఇవన్నీ ఫొటోషాప్ వేషం వేసి ఫిల్టర్‌ను నమ్మించే ప్రయత్నాలు. ఫిల్టర్ కేవలం పిక్సెళ్లు అడిగితే సరిపోతుంది. లేయర్ల గురించో, ఫొటోషాప్ లోపలి సేవల గురించో అడిగితే వేషం బయటపడుతుంది. యూఎక్స్‌పీ, సీఈపీ ప్యానెళ్లకు ఈ దారి కూడా లేదు.

అన్నిచోట్లా ఒకే ఫిల్టర్లు కావాలంటే జీమిక్ వాడండి. ఫ్రాన్స్‌లో కాన్ నగరంలోని గ్రెక్ ల్యాబ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. వందల కొద్దీ ఫిల్టర్లతో గింప్‌లో, బొమ్మలు గీసే కృతలో, పెయింట్ డాట్ నెట్‌లో దొరుకుతుంది, 8బీఎఫ్ రూపంలో కూడా ఉంది. అసలు లెక్కలన్నీ ఒక లైబ్రరీలో ఉంచి, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక పలుచటి అతుకు మాత్రమే వేశారు. ప్లగిన్ రాయాలనుకునేవాళ్లు దీని సోర్స్ కోడ్ అమరిక ఒకసారి చూస్తే చాలా నేర్చుకోవచ్చు.

గింప్ 2.10లో పనిచేసిన పైతాన్ ప్లగిన్ గింప్ 3లో పనిచేయట్లేదు.

పనిచేయదు. 2018 నాటి 2.10కి, 2025 మార్చిలో వచ్చిన 3.0కి మధ్య ఇంటర్‌ఫేస్ మొత్తం మారింది. 2.10లో పైతాన్ ప్లగిన్లు పైతాన్ 2 మీద, గింప్‌ఫు అనే మాడ్యూల్ మీద నిలబడేవి. పైతాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. గింప్ 3లో పైతాన్ 3 వచ్చింది, గింప్‌ఫు పోయింది. కిటికీలూ బటన్లూ గీసే లైబ్రరీ జీటీకే 3కి మారింది.

ఒక ప్లగిన్‌ను 3కి తేవాలంటే ప్రింట్ స్టేట్‌మెంట్లు దిద్దితే సరిపోదు. రిజిస్టర్ అనే ఒక్క పిలుపు ఉన్నచోట ఇప్పుడు ప్లగ్-ఇన్ క్లాసు రాయాలి. ఏయే ప్రొసీజర్లు (ప్లగిన్ చేసిపెట్టే పనులు) ఉన్నాయో ఒక ఫంక్షన్ చెప్పాలి, అడిగినప్పుడు ప్రొసీజర్‌ను ఇంకో ఫంక్షన్ తయారు చేసి ఇవ్వాలి. 'యాక్టివ్ లేయర్' అనే భావన కూడా పోయింది. 3లో ఒకేసారి చాలా లేయర్లు ఎంచుకోవచ్చు కాబట్టి, మీ ఫంక్షన్‌కి లేయర్ల జాబితా వస్తుంది. ఒక్క లేయర్‌నే ఊహించుకుని రాసిన పాత లాజిక్ ఎక్కువగా ఇక్కడే విరుగుతుంది.

అప్పటిదాకా పని ఆగకూడదంటే 2.10ను అలాగే ఉంచి పక్కన 3 వేసుకోండి. రెండింటి సెట్టింగుల ఫోల్డర్లు వేరు, ఒకదాన్నొకటి పాడుచేయవు.

ప్లగిన్ ఫైలు ఫోల్డర్‌లో పెట్టాను. అయినా గింప్ మెనూలో రాలేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు ఓపికగా చదవండి, చాలామంది ఇక్కడే పట్టు వదిలేస్తారు.

సరైన ఫోల్డర్ ఏదో ఊహించకండి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఫోల్డర్స్ కింద ప్లగ్-ఇన్స్ చూడండి. మీ వెర్షన్ ఏ దారిలో వెతుకుతోందో అక్కడ రాసి ఉంటుంది. పాత వీడియో చూసి 2.10 ఫోల్డర్‌లో పెడితే 3 దాని మొహం కూడా చూడదు.

గింప్ 3లో ఫైలును నేరుగా ప్లగ్-ఇన్స్‌లో పడేస్తే కుదరదు. ఫైలు పేరు, దాని ఫోల్డర్ పేరు ఒకటే ఉండాలి. 'పాస్‌పోర్ట్-షీట్' అనే పైతాన్ ఫైలు 'పాస్‌పోర్ట్-షీట్' అనే ఫోల్డర్‌లోనే ఉండాలి. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో ఫోల్డర్ తయారవుతుంటుంది, దాన్ని గమనించండి. ఫోల్డర్ పేరు చివర 'మెయిన్' లాంటి తోక తగులుకున్నా పేర్లు కలవవు.

లినక్స్, మ్యాక్‌లలో ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వాలి. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన పైతాన్ ఫైలు చివర మీకు తెలియకుండానే టీఎక్స్‌టీ చేరి ఉండొచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే గింప్‌ను టెర్మినల్ నుంచి, వెర్బోస్ (వివరాలన్నీ చెప్పే) ఆప్షన్‌తో తెరవండి. స్పేసుల తేడా వల్ల పైతాన్ అలిగిందా, ఏదైనా మాడ్యూల్ దొరకలేదా అన్నది అక్కడ వరస పెట్టి చెబుతుంది. సెట్టింగుల ఫోల్డర్‌లో ప్లగిన్ఆర్‌సీ అనే ఫైలు ఉంటుంది, అందులో గింప్ ప్లగిన్ల వివరాలు దాచుకుంటుంది. దాన్ని తీసేస్తే తర్వాతిసారి అన్నిటినీ కొత్తగా వెతుకుతుంది. భయం లేదు, తనే మళ్లీ తయారు చేసుకుంటుంది.

గింప్‌లో ప్లగిన్ క్రాష్ అయితే నా ఫైలు పోతుందా?

సాధారణంగా పోదు. ప్లగిన్ వేరే ప్రాసెస్ కాబట్టి అది పడిపోయినా గింప్ నిలబడే ఉంటుంది. పోతూ పోతూ లోపల ఏదైనా గందరగోళం చేసి ఉండొచ్చని ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫైలును వేరే పేరుతో సేవ్ చేసి గింప్‌ను మూసి తెరవండి. వేరే ప్రాసెస్ కావడం వల్ల ఇంకో లాభం కూడా ఉండేది: 2.10 విండోస్ ఇన్‌స్టాలర్ 64 బిట్ గింప్‌లోనే 32 బిట్ ప్లగిన్లకు మద్దతు ఇచ్చేది. ఫొటోషాప్‌లో అది కలలో మాట.

టెలిగ్రామ్‌లో ఖరీదైన ప్యానెల్ ఫ్రీగా ఇస్తున్నారు...

వద్దు. ప్లగిన్ అంటే మీ అనుమతులతో మీ కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రామ్. సీఈపీ ప్యానెల్‌లో నోడ్ జేఎస్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, మీ ఫైళ్లన్నీ చదవగలదు, నెట్‌లోకి పంపగలదు. స్టూడియో కంప్యూటర్‌లో ఉన్నవి జనం పెళ్లి ఫొటోలు. 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని ఇన్‌స్టాల్ సూచనల్లోనే రాసిన ప్లగిన్ గురించి వేరే చెప్పాలా?

నేనూ ఒకటి రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

నా ఓటు గింప్ 3, పైతాన్. ఖర్చు లేదు, అనుమతులు అడగక్కర్లేదు, అంతా తెరిచే ఉంటుంది. స్క్రిప్ట్-ఫు చిన్న పనులకు బాగుంటుంది కానీ కొత్తవాళ్లను బ్రాకెట్లు భయపెడతాయి. దాని మామూలు పద్ధతిలో ప్రొసీజర్ ఇచ్చే ఒక్క జవాబు కూడా జాబితాలో చుట్టి వస్తుంది, ప్రతిసారీ మొదటి అంశాన్ని బయటికి తీయాలి. అది మరిచిపోయి గంటలు పోగొట్టుకుంటారు.

మొదటి ప్లగిన్‌గా మీకు రోజూ విసుగు తెప్పించే పనినే ఎంచుకోండి. పాస్‌పోర్ట్ ఫొటో షీటే తీసుకుందాం. 35 × 45 మి.మీ. ఫొటో 300 డీపీఐ దగ్గర 413 × 531 పిక్సెళ్లు. 6 × 4 అంగుళాల పేపర్ 1800 × 1200 పిక్సెళ్లు. అడ్డంగా నాలుగు ఫొటోలకు 1652 పిక్సెళ్లు పోగా 148 మిగులుతాయి. వాటిని అయిదు ఖాళీలకు పంచితే ఒక్కోటి 29 పిక్సెళ్లు, కత్తెరకు సరిపడా చోటు. నిలువునా రెండు వరుసలకు 1062 పోగా 138, మూడు ఖాళీలకు 46 చొప్పున. మొత్తం ఎనిమిది ఫొటోలు.

ప్లగిన్ చేయాల్సింది ఇంతే: 1800 × 1200 కొత్త చిత్రం తెరిచి, రిజల్యూషన్ 300 పెట్టి, తెల్లటి లేయర్ వేయాలి. మీరు ఎంచుకున్న లేయర్‌ను కాపీ చేసి 413 × 531కి తగ్గించాలి. ఎనిమిదిసార్లు తిరిగే లూపులో దాని ఆఫ్‌సెట్ మార్చాలి. ఫొటో నిష్పత్తి 35:45 కాకపోతే మొహం సాగిపోకుండా ముందే ఆపి చెప్పాలి. ఈ చివరి తనిఖీ రాయకపోతే మొదటి కస్టమరే మీకు గుర్తు చేస్తాడు.

హెల్ప్ మెనూలో ప్రొసీజర్ బ్రౌజర్ ఉంటుంది. ఏ ఫంక్షన్ ఏం అడుగుతుందో అందులో చూసి, ఫిల్టర్స్ మెనూలోని పైతాన్-ఫు కన్సోల్‌లో ఒక్కో లైనూ టైప్ చేసి పరీక్షించండి. పని చేసే భాగంలో మార్పు చేస్తే గింప్‌ను మూసి తెరవనక్కర్లేదు, ప్రతి పిలుపుకీ ప్లగిన్ కొత్తగా మొదలవుతుంది. మెనూ పేరో, చోటో మారిస్తే మాత్రం తెరవాల్సిందే.

నమ్‌పై (లెక్కల కోసం వాడే పైతాన్ లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేశాను, అయినా నా ప్లగిన్‌కి దొరకట్లేదంటుంది.

విండోస్ గింప్ తన సొంత పైతాన్‌ను వెంట తెచ్చుకుంటుంది. మీరు పిప్‌తో (పైతాన్ లైబ్రరీలను వేసే టూల్) వేసింది సిస్టమ్‌లోని వేరే పైతాన్‌లోకి వెళ్లింది. పదిమందికి పంచే ప్లగిన్ అయితే బయటి లైబ్రరీలు లేకుండా రాయడమే సుఖం. తప్పనిసరైతే బరువైన పనిని విడి ప్రోగ్రామ్‌గా పెట్టి, ప్లగిన్ దాన్ని పిలిచి ఫలితం తెచ్చుకునేలా రాయండి. ఏఐ మోడళ్లతో బ్యాక్‌గ్రౌండ్ తీసే ప్లగిన్లకు ఈ అమరిక బాగా నప్పుతుంది.

ఫొటోషాప్‌కే రాయాలంటే?

జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకు యూఎక్స్‌పీ కష్టం కాదు. ప్రిఫరెన్సుల్లోని ప్లగిన్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, యూఎక్స్‌పీ డెవలపర్ టూల్ వేసుకుంటే చాలు. మానిఫెస్ట్ ఫైలులో ప్లగిన్ గుర్తింపు, కనీసం ఏ వెర్షన్ కావాలి, ఏయే అనుమతులు కావాలి రాయాలి. అడగని అనుమతి రాదు. సీఈపీ అలవాటుతో వచ్చినవాళ్లు రెండుచోట్ల తడబడతారు. ఇది బ్రౌజర్ కాదు, కొన్ని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ సౌకర్యాలే ఉంటాయి, నోడ్ లేదు. రెండోది, డాక్యుమెంట్‌ను మార్చే ప్రతి పనినీ 'ఎగ్జిక్యూట్ యాజ్ మోడల్' లోపలే చేయాలి, లేకపోతే ఫొటోషాప్ ఒప్పుకోదు.

తెలుగు టెక్స్ట్ పెట్టే ప్లగిన్ రాశాను. అక్షరాలు చెల్లాచెదురవుతున్నాయి.

తెలుగుతో మూడు చిక్కులుంటాయి. ఫొటోషాప్‌లో వత్తులు, గుణింతాలు విడిపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. పాత వెర్షన్లలో ముందు టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ పెట్టాలి. రెండోది, లేయర్‌లో అను ఫాంట్ ఉండి, మీ ప్లగిన్ ఎక్సెల్ నుంచి యూనికోడ్ పేర్లు తెచ్చి పోస్తుంటే ఏ లేఅవుట్ పెట్టినా బాగుపడదు. అను యూనికోడ్ కాదు, దాని అక్షరాల అమరికే వేరు. పేర్లను ముందు అనుకి మార్చి ఇవ్వాలి, లేదా లేయర్ ఫాంట్‌ను యూనికోడ్‌కి మార్చాలి. శుభలేఖలు, ఐడీ కార్డులు వేసేవాళ్లకు ఇది నిత్యం తగిలే తలనొప్పి. గింప్‌లో అక్షరాలను కూర్చే ప్యాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలు ఉండడం వల్ల యూనికోడ్ తెలుగు మామూలుగానే సరిగ్గా వస్తుంది.

మూడోది ఎవరూ ఊహించనిది, అక్షరాలది కాదు, ఫోల్డర్ పేర్లది. విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఆన్సీ కోడ్ పేజీ (యూనికోడ్‌కి ముందు వాడిన అక్షరాల పట్టిక) లేదు. అందుకని పాత ప్లగిన్లు 'పెళ్లి ఫొటోలు' అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌ను తెరవలేక చేతులెత్తేస్తాయి. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్‌లోకి మార్చి చూడండి.

రాసిన ప్లగిన్‌ను అమ్ముకోవచ్చా?

నిక్షేపంగా. గింప్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్నా, ప్లగిన్లు వాడే లిబ్‌గింప్ లైబ్రరీ ఇంకాస్త వెసులుబాటు ఉన్న ఎల్‌జీపీఎల్ కింద ఉంది, కాబట్టి మీ లైసెన్సు మీ ఇష్టం. గింప్ కోడ్‌నే కాపీ చేసి వాడితే మాత్రం జీపీఎల్ వర్తిస్తుంది, అప్పుడు కూడా అమ్మొచ్చు, కానీ కొన్నవాళ్లకు సోర్స్ ఇవ్వాలి. యూఎక్స్‌పీ ప్లగిన్లను అడోబీ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టొచ్చు, సొంతంగా సీసీఎక్స్ ఫైలూ ఇవ్వొచ్చు. ఎలా అమ్మినా, ఏ వెర్షన్లలో పరీక్షించారో, ఏ కలర్ మోడ్‌లలో పనిచేస్తుందో కొనేముందే కనబడేలా రాయండి. ఫోన్ కాల్స్ సగానికి సగం తగ్గుతాయి.